అద్దె ఇంట్లో డిజైన్ వాల్: క్విల్ట్ బ్లాకులు పేర్చుకోవడానికి మేకు కొట్టకుండా ఒక గోడ

నా మొదటి క్విల్ట్‌కి ముప్పై బ్లాకులు, అంటే గుడ్డ ముక్కలు కలిపి చేసిన చదరాలు, కుట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నం హాల్లో నేల మీద పరిచాను. అడ్డంగా అయిదు, నిలువుగా ఆరు. ఇది అక్కడ, అది ఇక్కడ అని మారుస్తూ రెండు గంటలు మోకాళ్ల మీదే గడిపి, చివరికి కుదిరిందనిపించాక టీ పెట్టుకోవడానికి లేచాను. తిరిగొచ్చేసరికి మా అత్తయ్య ఫ్యాన్ వేసి సోఫాలో కూర్చున్నారు. సగం బ్లాకులు టీవీ స్టాండు కిందికి వెళ్లిపోయాయి.

"ఉక్కగా ఉంది కదమ్మా, నేను చూసుకోలేదు" అన్నారు. ఆవిడ తప్పేముంది?

గుర్తున్నంత మేరకు మళ్లీ పేర్చి కుట్టేశాను. క్విల్ట్ పూర్తయి మంచం మీద పరిచిన రోజు చూస్తే, ఒకే ఎర్ర పూల గుడ్డతో చేసిన రెండు బ్లాకులు సరిగ్గా నడిమధ్యన పక్కపక్కనే ఉన్నాయి. నేల మీద ఉన్నప్పుడు కనిపించలేదు. కనిపించదు కూడా, ఎందుకంటే నేల మీద పరిచినదాన్ని మనం ఏటవాలుగా చూస్తాం. కాళ్ల దగ్గరి వరస పెద్దగా, అవతలి వరస చిన్నగా, నలిగినట్టుగా కనిపిస్తుంది. మొత్తం ఒకేసారి కంటికి ఆనాలంటే అది నిలబడి ఉండాలి, మనం పదడుగులు వెనక్కి జరగాలి. డిజైన్ వాల్ చేసే పని ఇంతే. గుండుసూదులు లేకుండా బ్లాకులు అంటుకుని నిలబడే, నూగు ఉన్న ఒక నిలువు పలక.

బీఈడీ చేసినవాళ్లకు ఇది కొత్త వస్తువేమీ కాదు. ట్రైనింగులో అందరూ చూసిన, నూగు గుడ్డ బిగించిన ఫ్లానెల్ బోర్డే. అక్కడ బొమ్మ వెనక గరుకు కాగితం ముక్క అతికిస్తే బోర్డుకు పట్టుకునేది. ఇక్కడ ఆ కాగితం కూడా అక్కర్లేదు. నూలు గుడ్డకు ఉండే సన్నటి పీచు, ఫ్లానెల్ మీది నూగులో చిక్కుకుని నిలుస్తుంది.

అన్ని రకాల కుట్టుపనికీ ఇది అవసరం లేదు. మన అమ్మమ్మలు పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టారంటే ఏ గోడా చూసుకుని కాదు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ మహిళలు కుట్టే కవంది బొంతలైతే అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క పక్కన ముక్క వేస్తూ, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతాయి. అక్కడ కుట్టడమూ పేర్చడమూ ఒకే పని. బ్లాకుల క్విల్ట్ అలా కాదు. ముందు బ్లాకులన్నీ విడివిడిగా తయారవుతాయి, తర్వాతే వాటి చోటు నిర్ణయించాలి. చిక్కంతా ఈ మధ్యలోనే.

ఎంత సైజు కావాలి

ముందు లెక్క. కుట్టాక 12 అంగుళాలు ఉండాల్సిన బ్లాకు, కుట్టకముందు పన్నెండున్నర ఉంటుంది, నాలుగు పక్కలా పావంగుళం కుట్టులో పోతుంది కాబట్టి. గోడ మీద పెట్టేది కుట్టని బ్లాకునే. అందుకని సైజు ఎప్పుడూ పన్నెండున్నరతోనే లెక్కేయాలి. అయిదు వరసలకు 62.5 అంగుళాలు, ఆరు వరసలకు 75 అంగుళాలు. కుట్టేశాక అదే 60, 72 అవుతుంది. సింగిల్ మంచానికి కప్పుకునే సైజు.

రెండు మీటర్లంటే 78 అంగుళాల పైచిలుకు. కాబట్టి రెండు మీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు ఉన్న పలకలు రెండు చేసుకుంటే, పక్కపక్కన పెట్టినప్పుడు ఈ క్విల్ట్ మొత్తం పడుతుంది, చుట్టూ కాస్త చోటు కూడా మిగులుతుంది. పిల్లల బొంతకైతే ఒక్క పలక చాలు. ఒకే పెద్ద పలక ఎందుకు వద్దంటే, ఫ్లాట్ లిఫ్టులో పట్టదు, బీరువా వెనక దూరదు, ఇల్లు మారేటప్పుడు మూవర్స్ వాళ్లు దాన్ని చూసే చూపు మనం భరించలేం.

పలకకు థర్మోకోల్

అమెరికాలో ఉన్న మనవాళ్లు హార్డ్‌వేర్ స్టోరుకు వెళ్లి, ఇంటి గోడల్లో వేడి ఆపడానికి వాడే నాలుగడుగులు, ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు ఒకటి కారుమీద కట్టుకుని తెచ్చేసుకుంటారు. పని సగం అక్కడే అయిపోతుంది. ఇక్కడ మనకు సులువుగా దొరికేది థర్మోకోల్. స్కూలు ప్రాజెక్టుల సామాను, పెళ్లి స్టేజీల సామాను అమ్మే షాపుల్లో మీటరు పొడవు, అర మీటరు వెడల్పు షీట్లు ఉంటాయి. 12 ఎం.ఎం. మందం అడగండి. ఒక్కో పలకకు ఎనిమిది, రెండు పలకలకు పదహారు. దారిలో విరిగేది విరుగుతుంది కాబట్టి రెండు ఎక్కువ తెచ్చుకోండి.

ఎనిమిది ఎందుకంటే రెండు పొరలు వేస్తాం. షీట్లను ఒక్క పొరలో అతికిస్తే అతుకు దగ్గర పుటుక్కున విరుగుతుంది. రెండో పొర అతుకులు మొదటి పొర అతుకుల మీద పడకూడదు. మేస్త్రి ఇటుకలు పేర్చినట్టే.

మొదటి పొరకు నాలుగు షీట్లను అడ్డంగా, ఒకదాని కింద ఒకటి నేల మీద పెట్టండి. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు వస్తుంది. అతుకులు అర మీటరు, మీటరు, మీటరున్నర దగ్గర పడతాయి. రెండో పొరకు ఒక షీటును పొడవునా సగానికి కోయండి. పావు మీటరు పట్టీలు రెండు వస్తాయి. పైన ఒక పట్టీ, తర్వాత మూడు నిండు షీట్లు, కింద రెండో పట్టీ. ఇప్పుడు ఏ అతుకూ ఇంకో అతుకు మీద పడదు.

జిగురు దగ్గర జాగ్రత్త. చెప్పులకు, సన్‌మైకాకు వాడే ఘాటు వాసన రబ్బరు జిగురు థర్మోకోల్‌ని తినేస్తుంది. నేను మొదటిసారి అదే రాశాను. కళ్లముందే షీటులో గుంటలు పడుతూ, ఐస్‌క్రీమ్ కరిగినట్టు కిందికి దిగిపోయింది. కొన్ని స్ప్రే జిగుర్లు కూడా అంతే, ముందు చిన్న ముక్క మీద కొట్టి చూడాలి. తెల్ల ఫెవికాల్ ఏమీ చేయదు. కాకపోతే రెండు థర్మోకోల్ పొరల మధ్య దానికి గాలి ఆడదు, ఆరడానికి టైమ్ పడుతుంది. షీటంతా పూయకుండా, ముగ్గు చుక్కల్లా బెత్తెడు దూరంలో బొట్లు పెట్టి, అంచుల వెంట ఒక సన్నటి గీత గీయండి. పైన పొర పెట్టి, దాని మీద దుప్పటి మడత, ఆ పైన పాత పేపర్ల కట్టలు సమంగా బరువు పెట్టి రెండు రోజులు వదిలేయండి. మొదటి రోజే ఎత్తి చూడాలనిపిస్తుంది. ఎత్తొద్దు.

షీటు కోసే పని ఫ్లానెల్ కొని ఇంటికి తేకముందే పూర్తి చేయడం మంచిది. కోసేటప్పుడు రాలే తెల్ల పూసలు ఒకసారి ఫ్లానెల్ నూగులోకి దూరాయంటే ఒక్కొక్కటీ చేత్తో ఏరుకోవాల్సిందే. కొత్త కట్టర్ బ్లేడు వేసుకుని, ఒకే పట్టున కాకుండా మూడు నాలుగుసార్లు తేలిగ్గా గీస్తే పూసలు తక్కువ రాలతాయి. రాలినవాటిని చీపురుతో ఊడిస్తే ఎగురుతాయి, తడిగుడ్డతో ఎత్తండి.

ఫ్లానెల్ కొనడం

ఫ్లానెల్ అంటే పసిపిల్లల చొక్కాలకు, పొత్తిగుడ్డలకు వాడే మెత్తటి నూలు గుడ్డ. షాపుకు వెళ్లేటప్పుడు పర్సులో అరచేయంత నూలు ముక్క ఒకటి వేసుకెళ్లండి. తానులోంచి మీటరు విప్పించి, నిలువుగా పట్టుకోమని చెప్పి, ఆ ముక్కను దాని మీద అరచేత్తో ఒత్తి వదలండి. నిలబడితే కొనండి. జారితే ఎంత మెత్తగా ఉన్నా కొనొద్దు. నేనిలా చేస్తుంటే షాపు అబ్బాయి కాసేపు చూసి, "అక్కా, పాపకి చొక్కా కుట్టడానికేనా?" అన్నాడు. కాదు, గోడకి అన్నాను. తానును ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాడు, మరేం అడగలేదు.

రంగు తెలుపో లేత బూడిదో ఉండాలి. బాతులు, ఎలుగుబంట్ల బొమ్మల ఫ్లానెల్ చవగ్గా వస్తుంది కానీ వాటి మధ్యన మీ బ్లాకులు కనిపించవు. నా ఓటు లేత బూడిదకే. తెల్ల గోడ మీద తెల్ల అంచు బ్లాకు ఎక్కడ ముగిసిందో తెలియదు.

పన్నా ఎంతో తప్పకుండా అడగండి. మన పలక వెడల్పు 100 సెంటీమీటర్లు, రెండు పక్కలా మందం కలిపి ఇంకో అయిదు. 44 అంగుళాల పన్నా అంటే దాదాపు 112 సెంటీమీటర్లు. వెనక్కి మడవడానికి ఒక్కో పక్క మూడు సెంటీమీటర్లు మిగులుతుంది, అంతే. అందువల్ల పక్కలకు వేరే పట్టీలు కుట్టుకోకపోతే ఈ పన్నా గుడ్డను ఉతకొద్దు. ఉతికితే కుదించుకుపోయి పలకకు బొటాబొటీగా కూడా రాదు. నేను ఉతికాను, గంజి పోయి నూగు బాగా లేస్తుందన్న ఆశతో. లేచింది కూడా. కానీ గుడ్డ చాలలేదు. చివరికి పాత దుప్పటి చింపి, జానెడు వెడల్పు పట్టీలు రెండు పక్కలా కుట్టుకున్నాను. అవి పలక వెనక్కి పోతాయి కాబట్టి ఎవరికీ కనిపించవు. నిజం చెప్పాలంటే ఇప్పుడు ఎవరు అడిగినా ఈ పద్ధతే చెబుతాను. ఉతికిన ఫ్లానెల్ పట్టు వేరు, పట్టీల వల్ల లాగి బిగించడానికి చేతికి గుడ్డ దొరుకుతుంది. ఉతికేటప్పుడు కంఫర్ట్‌లాంటివి వేయకండి, నూగు జారుడుగా తయారవుతుంది. ఇస్త్రీ కూడా వద్దు, దులిపి ఆరేస్తే చాలు.

పొడవు ఒక్కో పలకకు రెండుంబావు మీటర్లు. రెండింటికీ కలిపి, కుదింపుకు కొంచెం చేర్చి, అయిదు మీటర్లు తీసుకోండి.

గుడ్డ బిగించడం

నూగుకు ఒక దిక్కు ఉంటుంది. గుడ్డ మీద అరచేత్తో ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందనుంచి పైకి రాయండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు కాస్త అడ్డుపడుతున్నట్టుగా ఉంటుంది. పైనుంచి కిందికి రాసినప్పుడు అడ్డుపడేలా గుడ్డను తిప్పి పెట్టుకోవాలి. బ్లాకు జారేది కూడా ఆ దారినే కదా. రెండు పలకలకూ ఒకే దిక్కు రావాలి, లేదంటే బూడిద రంగు రెండు ఛాయల్లో కనిపిస్తుంది.

గుడ్డను నూగు కిందికి ఉండేలా నేల మీద పరిచి, మధ్యన పలక పెట్టండి. స్టేపుల్ గన్ థర్మోకోల్‌లో నిలవదు. గుండుసూదులే దారి. నాలుగు వైపులా ఒక్కో వైపు మధ్యలో గుడ్డ వెనక్కి మడిచి ఒక్కో సూది గుచ్చండి. పైన గుచ్చితే తర్వాత కింద, కుడివైపు గుచ్చితే తర్వాత ఎడమవైపు. అక్కడినుంచి మూలల వైపు జరుగుతూ జానెడుకొక సూది. ఒకే వైపు మొత్తం పూర్తి చేసి ఎదుటి వైపుకు వెళ్తే గుడ్డ మెలి తిరిగి ముడతలు వస్తాయి. మూలలు ఆఖర్న, స్కూలు పుస్తకానికి అట్ట వేసినప్పుడు మడిచినట్టే మడవండి. సూదిని నిటారుగా కాకుండా పలకలోకి ఏటవాలుగా దించాలి, ముందువైపుకు మొన పొడుచుకు రాకూడదు. ఆ తర్వాత మడతల కింద ఫెవికాల్ రాసి, అది ఆరాక సూదులు తీసేయొచ్చు. నేను తీయలేదు, సూదులూ ఉన్నాయి, జిగురూ ఉంది.

మరీ బిగించి లాగకండి. పన్నెండు ఎం.ఎం.వి రెండు పొరలే కదా, విల్లులా వంగుతుంది.

ఇప్పుడు రెండు పలకల్నీ పక్కపక్కన, గుడ్డ వైపు పైకి ఉండేలా పెట్టి, మధ్య కీలు దగ్గర నాలుగంగుళాల ఫ్లానెల్ పట్టీ పరిచి రెండు అంచులా చేత్తో కుట్టేయండి. కాజాలు కుట్టే దారమైతే గట్టిగా ఉంటుంది. మొత్తం పుస్తకంలా మూసుకుంటుంది. బ్లాకులు లోపలే ఉంచి మూసి బీరువా వెనక్కి తోసేయొచ్చు. చుట్టాలొచ్చిన రోజు ఈ పట్టీ విలువ తెలుస్తుంది.

ఎక్కడ నిలబెట్టాలి

సొంత ఇల్లయితే హుక్కులు దిగ్గొట్టుకోవచ్చు. అద్దె ఇంట్లో ఓనరుగారి ముఖం గుర్తుకొస్తుంది. డబుల్ టేపు మన సున్నం గోడలకు, డిస్టెంపర్‌కు నిలవదు, పొడితో సహా ఊడొస్తుంది. మేకు అసలు అవసరమే లేదు. పలకలు తేలిక, ఒంటి చేత్తో లేస్తాయి. అడుగున రెండు ఇటుకలకు పాత గుడ్డ చుట్టి, వాటి మీద పలకల్ని నిలబెట్టి, పైన గోడకు ఆనించండి. ఇటుకలు ఎందుకంటే, రోజూ తడిగుడ్డ పెట్టే ఇల్లు కదా, ఫ్లానెల్ అంచు నీళ్లు పీల్చుకోకూడదు. పలక అడుగు గోడనుంచి నాలుగైదు అంగుళాలు ఇవతలికి ఉంటే పలకకు కొంచెం వాలు వస్తుంది, ఆ వాలు వల్ల బ్లాకులు ఇంకా బాగా నిలుస్తాయి. పైన రెండు మూలలకు నాడా కట్టి దగ్గర్లోని గుమ్మం కర్టెన్ రాడ్‌కు ముడేస్తే ఫ్యాన్ గాలికి ముందుకు పడదు.

ఫ్యాన్ గురించి మళ్లీ చెప్పాలి, ఎందుకంటే విదేశీ వీడియోల్లో ఎవరూ చెప్పరు, వాళ్ల గదుల్లో తలమీద అది తిరుగుతూ ఉండదు. ఒకటి రెండు స్పీడులో ఏ ఇబ్బందీ లేదు. అయిదులో పెడితే అంచు బ్లాకులు రెపరెపలాడి రాలతాయి. పై వరసకు, చివరి వరసలకు ఒక్కో గుండుసూది గుచ్చేయండి. తల పైకి, మొన కిందికి ఏటవాలుగా.

వానాకాలంలో చెమ్మ ఎక్కే గోడకు ఆనించవద్దు. కిటికీ ఉన్న గోడ కూడా వద్దు, వెలుతురు మన కళ్లలో పడి బ్లాకులు నల్లగా కనిపిస్తాయి. కిటికీకి ఎదుటి గోడ మంచిది, ఎండ సూటిగా పడనంతవరకు. థర్మోకోల్‌కు నిప్పు చటుక్కున అంటుకుంటుంది, కాబట్టి దేవుడి గదికి, ఇస్త్రీ టేబులుకు దూరంగా ఉంచండి. క్విల్ట్ పనిలో ఇస్త్రీపెట్టె ఎప్పుడూ పక్కనే ఉంటుంది కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇంత పని ఇప్పుడే వద్దనుకుంటే రెండు అడ్డదార్లున్నాయి. డైనింగ్ టేబుల్ మీద వేసే ప్లాస్టిక్ కవర్లలో కొన్నిటికి వెనక తెల్లటి నూగు ఉంటుంది. దాన్ని తిరగేసి వేలాడదీస్తే ఆ పూటకు డిజైన్ వాలే. లేదా ఫ్లానెల్‌కు పైన గొట్టంలా కుట్టు వేసి, కర్టెన్ రాడ్‌కు ఎక్కించి, కింది మడతలో ఒక కర్ర దూర్చండి. చుట్టి పక్కన పెట్టుకోవచ్చు. ఈ రెండింటికీ సూదులు గుచ్చలేం, గాలికి ఊగుతాయి. ఒక క్విల్ట్ వరకు సర్దుకోవచ్చు.

బ్లాకులు పేర్చడం

గోడ మీద గీతలు గీయకండి, గళ్లన్నీ క్విల్ట్‌లో భాగంలా కనిపిస్తాయి. ఒక దారానికి తాళంచెవి కట్టి పై అంచునుంచి వేలాడదీస్తే నిలువు గీత వచ్చేస్తుంది. మొదటి నిలువు వరస దాని వెంట పెట్టి, మిగతావి దాని పక్కన చేర్చుకుంటూ వెళ్లండి.

నేను ముదురు రంగు బ్లాకులతో మొదలుపెడతాను. కన్ను ముందు అక్కడికే పోతుంది కాబట్టి అవి ఒకే మూల గుమిగూడకుండా చల్లినట్టు ఉండాలి. తర్వాత బాగా లేతవి. మధ్యరకం రంగులు ఆఖర్న, అవి ఎక్కడైనా ఇమిడిపోతాయి. పట్టుచీర ముక్కలున్న బ్లాకులు ఫ్లానెల్‌కు సరిగ్గా అంటవు, వాటికి మొదటినుంచే సూది పెట్టేయండి. కుట్టులు ఎక్కువున్న బరువైన బ్లాకులకూ అంతే.

పేర్చాక వెనక్కి జరిగి, ఫోన్లో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. రంగు కళ్లను మాయ చేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన ఎంత వేరుగా కనిపించినా, నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిద కావచ్చు, అప్పుడు డిజైన్ దూరానికి కలిసిపోతుంది. నా ఎర్ర పూల బ్లాకులు రెండూ ఫొటోలో అయితే అరసెకనులో దొరికిపోయేవి. గది చిన్నదై వెనక్కి జరగడానికి చోటు లేకపోయినా ఈ ఫొటోయే దిక్కు, బొటనవేలంత చేసి చూస్తే చాలా దూరంనుంచి చూసినట్టే. పసుపు బల్బు కింద నీలాలు, బూడిదలు నమ్మొద్దు. రాత్రి పేర్చినదాన్ని పొద్దున్న వెలుతురులో ఒకసారి చూసి కానీ ఖాయం చేయకండి.

మార్చిన ప్రతిసారీ ఫొటో తీయండి. పదోసారి మార్చాక మూడోదే బాగుందనిపిస్తుంది, అప్పుడు ఆ ఫొటో ఉండాలి. నా మట్టుకు నేను మూడు రోజులకంటే ఎక్కువ మార్చను.

ఖాయమయ్యాక దింపే ముందు చీటీలు. అడ్డ వరసలకు క, గ, చ, జ, ట, డ అని, నిలువు వరసలకు 1 నుంచి 5 అని పేర్లు పెట్టుకుంటాను. క1, క2 అని చిన్న కాగితం ముక్కల మీద రాసి ప్రతి బ్లాకుకూ పై ఎడమ మూలలోనే గుచ్చాలి. ఎప్పుడూ అదే మూల. అలా చేస్తే చీటీ బ్లాకు చోటు చెప్పడంతో పాటు, ఏ వైపు పైకి ఉండాలో కూడా చెబుతుంది. మిషను దగ్గరికి వెళ్లేసరికి బ్లాకు తిరగబడిపోవడం మామూలే. ఒకసారి ఒక అడ్డ వరస మాత్రమే దింపి, కుట్టి, మళ్లీ తెచ్చి గోడ మీద దాని చోట పెట్టి, అప్పుడు తర్వాతి వరస దింపండి. కుట్టిన వరస పక్కవాటికంటే రెండంగుళాలు పొట్టిగా కనిపిస్తుంది. కంగారు పడకండి, కుట్టుల్లో పోయిన గుడ్డ అది. అన్నీ అయ్యాక సరిపోతాయి.

నెలకోసారి గోడ మీద పోగైన దారప్పోగులు, జుట్టు తీసేయాలి. అరచేతికి బ్రౌన్ టేపు జిగురు పైకి ఉండేలా చుట్టుకుని ఒత్తుకుంటూ పోతే వచ్చేస్తాయి. పలక వెనక సందు బల్లులకు ఇష్టమైన చోటు, కాబట్టి గోడనుంచి జరిపే ముందు ఒకసారి తట్టండి.